పట్టాలు కోసే మంగళవారం

ఆ లైనుకు రెండే స్టేషన్లు. ఇటు జంక్షన్, అటు పాత మిల్లు. మధ్యలో మూడు నిమిషాల పది సెకన్ల సొరంగం. మిగతా రైళ్లు నగరం కింద ఆ చివర నుంచి ఈ చివరికి గంటలకొద్దీ తిరుగుతుంటే, ఈ మూడు పెట్టెల బండి మాత్రం అటు వెళ్లి ఇటు వస్తుంది, ఇటు వచ్చి అటు వెళ్తుంది.

పదహారేళ్లుగా దాన్ని నడిపేది ఒకావిడ. పాత మిల్లు చేరగానే తాళంచెవి, నీళ్ల సీసా పట్టుకుని దిగుతుంది. ప్లాట్‌ఫారం వెంట ఎనభై అడుగులు నడిచి, రెండో కొసనున్న క్యాబిన్‌లోకి ఎక్కుతుంది. జంక్షన్‌లో మళ్లీ అంతే. రోజుకు అరవై నాలుగు సార్లు.

"అక్కా, నువ్వు బండి నడిపే దూరం కన్నా నడిచే దూరమే ఎక్కువేమో" అంటాడు పాత మిల్లు స్టేషన్ మాస్టరు.

"అందుకే బండి టైముకొస్తోంది" అంటుంది ఆవిడ.

పాత మిల్లు దగ్గర పట్టాలు పెరుగుతాయి. వారానికి జానెడు. చివర నేల మీద తెల్లరంగు గీత ఒకటి ఉంది. గీత ఎక్కడుంటే లైను అక్కడి దాకా, అది దాటి బండి అంగుళం వెళ్లకూడదు. ప్రతి మంగళవారం మధ్యాహ్నం జనం పలచబడ్డాక రంపం బాబాయి వచ్చి, గీత దాటిన ముక్కలు రెండూ కోసేసి, రంగు వెలిసిపోతే మళ్లీ పూసి వెళ్తాడు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఆయన కోసిన ముక్కలు స్టేషన్ నిండా ఉంటాయి. తలుపులకు ఆనించడానికి, కాగితాలు ఎగరకుండా పెట్టడానికి, టికెట్ల కిటికీ ఆవిడకు కాళ్ల కింద వేసుకోవడానికి.

కోయకపోతే జానెడుతో ఆగవు. పోయిన కొద్దీ జోరందుకుంటాయి. వాటి వెనకే సొరంగం, సొరంగం వెనకే దీపాలు. ఇరవై ఏళ్ల కింద బాబాయికి జ్వరం వచ్చి రెండు వారాలు మంచం దిగకపోతే, వీధి మలుపులో చెప్పుల షాపు నేలమాళిగలోకి వెళ్లిపోయాయి. షాపాయన వాటి మీద పెట్టెలు సర్దుకున్నాడు. కోసేశాక, ఉన్న అరలు తీసేశారని చాలా రోజులు సణిగాడు.

"చెప్పుల షాపుకే ఎందుకెళ్లాయి బాబాయ్?" అని ఆవిడ కొత్తలో అడిగింది.

"అప్పట్లో బండి నడిపినాయన చెప్పులు తెగిపోయాయి. రోజంతా వాటి గురించే ఆలోచించేవాడు" అన్నాడు బాబాయి, రంపం తుడుచుకుంటూ.

ఆవిడ ఇల్లు పాత మిల్లు స్టేషన్‌కు ఎదురుగానే. మధ్యలో పెద్ద రోడ్డు. ఎక్కువ దూరం కాదు, నలభై అడుగులు.

ఆ నలభై అడుగులు ఆవిడ కూతురు ఏడు నెలలుగా దాటలేదు. స్నేహితురాలి బండి మీద వెనక కూర్చుని వస్తుంటే లారీ రాసుకుపోయింది. స్నేహితురాలికి చేయి విరిగింది, అతుక్కుంది. ఈ పిల్లకు మోచేయి గీరుకుపోయిందంతే. కానీ అప్పట్నుంచి పాదం రోడ్డు మీదికి దిగదు. రోడ్డు మీద నడిచేది ఏదైనా సరే, ఎక్కదు. ఇంటి గేటు దాకా బాగానే వస్తుంది. కాలిబాట అంచు దాకా కూడా వస్తుంది. అక్కడ నిలబడి, కాసేపు చూసి, వెనక్కి వెళ్లిపోతుంది.

పిల్ల చదివేది పళ్ల సెట్లు తయారు చేసే చదువు. ఇంట్లో కూర్చునే సాధన చేస్తోంది. అల్మరాలో, కిటికీ గూట్లో, ఫ్రిజ్ మీద తెల్లటి పళ్ల వరసలు. అన్నీ అమ్మవే. ఇంకెవరి నోరు దొరుకుతుంది.

"అమ్మా, ఈ మైనం కొరుకు."

"నిన్ననే కొరికాను కదే."

"నిన్న నవ్వావు. వంకర వచ్చింది."

చివరి పరీక్ష జంక్షన్ పక్కనున్న కాలేజీలో. ఆరు గంటల్లో పై వరస, కింది వరస తయారు చేసి చూపించాలి. రెండుసార్లు వెళ్లలేదు. మూడోసారి రాకపోతే పేరు కొట్టేస్తామని ఉత్తరం వచ్చింది. పరీక్షకు నాలుగు వారాలుంది. జంక్షన్ నుంచి కాలేజీ లోపలికి నేల కింద నుంచే మెట్లున్నాయి. రైలెక్కితే చాలు. రైలంటే పిల్లకు భయం లేదు. చిన్నప్పుడు బడి సెలవులన్నీ ఆ మూడు పెట్టెల్లోనే గడిపింది.

"నేను పట్టుకుని దాటిస్తాను" అంది తల్లి.

"నాలుగుసార్లు చూశాం కదమ్మా. ఇద్దరం రోడ్డు పక్కన కూలబడి, దారిన పోయేవాళ్లు నీళ్లివ్వడం. చాలు."

తల్లి ఉత్తరం మడిచి ఫ్రిజ్ మీద పళ్ల వరస కింద పెట్టింది.

ఆ వారమే రంపం బాబాయికి కంటి ఆపరేషన్. పైనుంచి బదులు మనిషి వచ్చేసరికి నెల దాటుతుంది.

"మూడు మంగళవారాలు నువ్వు చూసుకో తల్లీ. కష్టమేం లేదు. గీత దాకా కోయడం, అంతే" అంటూ రంపం ఆవిడ చేతిలో పెట్టాడు.

"సరే బాబాయ్."

మొదటి మంగళవారం రెండింటికి ఆవిడ మోకాళ్ల మీద కూర్చుంది. జానెడు పెరిగి ఉన్నాయి. తిన్నగా కాదు, కొంచెం ఎడమకు తిరిగి. ఎడమవైపు ఏముందో ఆవిడకు తెలుసు. రంపం ఆనించింది. ఇనుము వెచ్చగా ఉంది. పదహారేళ్లలో ఒక్క రూలూ తప్పని మనిషి. రంపం తీసి పక్కన పెట్టి, చీర దులుపుకుని లేచింది.

వెనక స్టేషన్ మాస్టరు నిలబడి ఉన్నాడు.

"కోయలేదక్కా."

"ఈ వారం కోయను."

"పైవాళ్లడిగితే?"

"నన్నడగమను."

ఆయన తల గోక్కున్నాడు. "అడగర్లే. అడగాలంటే ఈ లైనొకటుందని గుర్తుండాలిగా."

సాయంత్రం ఆవిడ బాబాయికి ఫోన్ చేసింది. దాచిపెట్టి చేసే పని ఆవిడకు చేతకాదు.

"నేను కోయలేదు బాబాయ్."

"ఎటు తిరిగాయి?"

"మా ఇంటివైపు."

"చూడమ్మా, డాక్టరు మూడు వారాలు దేన్నీ చూడొద్దన్నాడు. నేను చూడందాని గురించి నేనేం మాట్లాడను. వచ్చాక చూస్తాను. చూశాక మాత్రం నా పని నేను చేస్తాను."

"అలాగే."

రెండో మంగళవారానికి పట్టాలు ఒక పెట్టె పొడవు వెళ్లాయి. గోడ పిండిలా పక్కకు తొలగింది. మూడో మంగళవారానికి రోడ్డు కింద దాటేశాయి. వాటి వెంట దీపాలొచ్చాయి, ప్లాట్‌ఫారం పలకలొచ్చాయి, పసుపు గీతొచ్చింది. ఒక బెంచీ కూడా, దానికి ఒక కాలు పొట్టి.

ఇంట్లో అల్మరాలో పళ్ల వరసలు టకటకలాడుతున్నాయి.

"అమ్మా, నేల కింద ఏదో కదులుతోంది."

"పట్టాలు."

"మనవేనా?"

"మనవే."

పిల్ల పళ్ల వరసలన్నీ అర అంచు నుంచి లోపలికి జరిపింది. ఆ రాత్రి భోజనం దగ్గర, "ఎంత దాకా వస్తాయి?" అంది.

"చూద్దాం."

గురువారం పొద్దున పెరట్లో నీళ్ల ట్యాంకుకూ బట్టలారేసే తీగలకూ మధ్య మెట్లు తేలాయి. పద్దెనిమిది మెట్లు, పక్కన ఇనుప కడ్డీ. పక్క వాటా ఆవిడ బకెట్టు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మీ రైలు మెట్లు మా తీగకు అడ్డమొచ్చాయి వదినా. దుప్పట్లు ఎక్కడ ఆరేసుకోవాలి? ఓ రెండడుగులు పక్కకు జరగమని చెప్పరాదూ?"

"అది నా మాట వినదు వదినా. కడ్డీ మీద ఆరేసుకో."

పక్కావిడ కడ్డీని పట్టుకుని ఊపి చూసింది. గట్టిగానే ఉంది. "అయితే సరే" అంది.

శనివారం రంపం బాబాయి నల్ల కళ్లద్దాలతో వచ్చాడు. రంపం అడిగి తీసుకున్నాడు. రంగు డబ్బా కూడా. పాత గీత దగ్గర ఆగి, వంగి చూసి, "ఊఁ" అన్నాడు. దాటి ముందుకు నడిచాడు. తల్లి వెనకే నడిచింది. స్టేషన్ మాస్టరు ఇంకా వెనక.

నెత్తి మీద రోడ్డు. లారీల మోత సన్నగా దిగుతోంది. బాబాయి నడుస్తూ కర్రతో పట్టాలను కొట్టి వింటున్నాడు. చివర మెట్లు దాటి పట్టాలు ఇంకో మూర ముందుకున్నాయి.

"పరీక్షెప్పుడు?" అన్నాడు.

"ఎల్లుండి."

"ఎల్లుండేనని నాకెవరూ చెప్పలేదే."

"మీరు చూడనివి మాట్లాడనన్నారుగా."

బాబాయి కూర్చుని రంపం పెట్టాడు. ఆవిడ గోడకు ఆనుకుంది. వద్దనలేదు. వద్దనే హక్కు తనకు లేదని ఆవిడకు తెలుసు. ఇనుము కోసిన చప్పుడు సొరంగమంతా నిండింది.

మెట్లు దాటిన ఆ మూర మాత్రమే తెగి పడింది.

"ఇది అనవసరం. ఇక్కడ వదిలేస్తే వంటింట్లోకొస్తుంది." ఆయన రెండు ముక్కలూ పక్కన పెట్టి, డబ్బా మూత తీశాడు. కోసిన చోటునే అడ్డంగా తెల్లగా గీత గీశాడు. మళ్లీ వెనక్కి నడిచి, పాత గీతను కాలితో ఇసుక తోసి కప్పేశాడు. "లైను ఇకనుంచి అక్కడి దాకా. మంగళవారం వస్తాను."

స్టేషన్ మాస్టరు జేబులోంచి పెన్ను తీశాడు. "మూడు నిమిషాల ఇరవై రెండు సెకన్లని టైంటేబుల్లో రాయనా అక్కా?"

"ఇరవై. నేను చూసుకుంటాను."

సోమవారం ఉదయం ఏడున్నర బండి పాత మిల్లులో ఆగి జనాన్ని దింపి, మళ్లీ కదిలింది. దిగాల్సిన పెద్దాయన ఒకాయన పేపర్లోంచి తలెత్తి, "ఓహో, ఇంకాస్త ఉందా" అని మళ్లీ పేపర్లో పడ్డాడు. కొత్త గీతకు బెత్తెడు ఇవతల బండి ఆగింది.

పిల్ల పదిహేడో మెట్టు మీద నిలబడి ఉంది. పనిముట్ల పెట్టె చేతిలో. ఒక మెట్టు మిగిలింది. పైన రోడ్డు మోత వినపడుతూనే ఉంది.

తల్లి క్యాబిన్ దిగింది. రెండో కొసకు నడవాలి, నిమిషం నలభై సెకన్లలో బండి తీయాలి. కూతురి ముందు నుంచే దారి. చేయి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. మెట్ల ముందు నుంచి అదే నడకలో, ఒక్క క్షణం కూడా తగ్గకుండా దాటిపోయింది. క్యాబిన్ ఎక్కి అద్దంలో చూసింది. ప్లాట్‌ఫారం ఖాళీ. మెట్లు ఖాళీ. రెండో పెట్టెలో పనిముట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది.

తలుపులు మూసుకున్నాయి.

జంక్షన్‌లో పిల్ల దిగి క్యాబిన్ కిటికీ దగ్గరికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది, జుట్టు నుదుటికి అంటుకుంది. కాలేజీ మెట్ల వైపు జనం తోసుకుంటూ పోతున్నారు.

"వెళ్తున్నా" అంది.

తల్లికి చాలా చెప్పాలనుంది. నీళ్లు తాగు, కంగారు పడకు, మైనం ఎక్కువ కాల్చకు. నోటి దాకా వచ్చింది వేరే మాట. ఏడు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగనిది.

"ఎన్నింటికొస్తావు?"

పిల్ల పనిముట్ల పెట్టె రెండో చేతికి మార్చుకుంది.

"ఏమో అమ్మా. అయ్యాక అందరూ ఎటైనా వెళ్దామంటున్నారు. లేటవుతుందేమో."

"సరే" అంది తల్లి. పిల్ల మెట్ల గుంపులో కలిసిపోయింది. బండి కదలడానికి ఇంకా పదకొండు సెకన్లుంది. ఆవిడ రెండు చేతులూ మీటల మీద పెట్టుకుని, ఆ పదకొండు సెకన్లూ కూర్చుని, వేళకు బండి తీసింది.