తలుపు తీయించే మనిషి

"ఆ నీలం ఉన్ని కార్డిగన్ వేసుకో," అన్నాడు డెస్మండ్. "అది చూస్తే ముసలమ్మలు తలుపు తీస్తారు."

ఐవీ వేసుకుంది. వారమంతా బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డిస్తుంది. శనివారం మొగుడు డెస్మండ్ కోసం తలుపులు తీయిస్తుంది. ఈ రెండో పనికి పేరు లేదు. డెస్మండ్ యుద్ధంలో ధైర్యం చూపినవాళ్ళ పతకాలు సేకరిస్తాడు. పాత పేపర్లు తిరగేసి, ఏ సైనికుడి భార్య ఇంకా బతికి ఉందో, ఏ వీధిలో ఉందో కనుక్కుంటాడు. "పతకం ఒక్కటే అయితే వెండి ముక్క. ఉత్తరాలు, ఫొటో, సిగరెట్ డబ్బా కూడా ఉంటేనే మనిషి," అంటాడు. అవన్నీ దొరకాలంటే ఆ ఇంటావిడకు నమ్మకం కుదరాలి. మగవాడు ఒక్కడే వస్తే తలుపు గొలుసు తీయరు. పక్కన భార్య ఉంటే లోపలికి పిలిచి టీ పెడతారు. ఇదంతా మ్యూజియం కోసం అని అతను చెబుతాడు. ఐవీ తల ఊపుతుంది. ఆ తర్వాత పతకం వాళ్ళింటి వెనక గదిలో సొరుగులోకి వెళుతుంది. సొరుగుల మీద దుమ్ము తుడవడం ఐవీ పని. తెరవకూడదు. "నీకేం తెలుస్తాయి అవి? నువ్వు చెంచాలు తోముకో," అంటాడు.

పోయిన చలికాలం ఒక ఇంట్లో ఆమె తల ఊపడం ఆలస్యమైంది. తిరుగుదారిలో కొండ మీద, ఇల్లూ చెట్టూ లేని చోట డెస్మండ్ కారు ఆపాడు. దిగమన్నాడు. దిగింది. కారు వెళ్ళిపోయింది. చీకటి పడ్డాక తిరిగొచ్చి కిటికీ అద్దం దించి, "ఇప్పుడు మెడ బాగా కదులుతోందా?" అని అడిగాడు. ఆ రాత్రి ఆమె అతని చొక్కాలు ఇస్త్రీ చేసింది. చేతివేళ్ళకు స్పర్శ లేక రెండుసార్లు కాల్చుకుంది.

ఇవాళ కూడా దారి అదే, మరో సైనికుడి భార్య ఇంటికి.

మిసెస్ హెప్‌వర్త్ తలుపు తీసి మొదట ఐవీని చూసింది, తర్వాత డెస్మండ్ బూట్లను. "రా తల్లీ. మీ ఆయన్ని కాళ్ళు తుడుచుకోమను. పొలం దున్ని వచ్చినట్టున్నాడు."

బల్ల మీద బిస్కెట్ల డబ్బా తెరిచింది. అందులో కట్టగట్టిన ఉత్తరాలు, సైనికుల టోపీ పెట్టుకున్న కుర్రాడి ఫొటో, వాటి పైన పతకం. పతకం కొత్తదానిలా మెరుస్తోంది. డెస్మండ్ దాన్ని తిప్పి అంచు చూశాడు. అతని ముఖం వాడిపోయింది.

"దీన్ని ఎవరు తోమారు?"

"ఇంకెవరు తోముతారు? నేనే. ఏటా నవంబరులో, యుద్ధంలో పోయినవాళ్ళను తలుచుకునే ఆదివారం ఛాతీకి పెట్టుకుంటాను. మా ఆయన వాల్టర్ అయితే ఎడమవైపు పెట్టుకునేవాడు. పెళ్ళాన్ని కాబట్టి నేను కుడివైపు పెట్టుకుంటాను."

"అంచు మీద పేరు అరిగిపోయింది. ఆడవాళ్ళ చేతికిస్తే ఇంతే," అని నవ్వాడు.

"ఆ పేరు నాకు తెలుసులే బాబూ."

డెస్మండ్ గొంతు తియ్యగా మార్చాడు. మ్యూజియం, అద్దాల పెట్టె, కింద వాల్టర్ పేరు. ఎప్పుడంటే అప్పుడు వచ్చి చూసుకోవచ్చు. బల్ల కింద అతని బొటనవేలు ఐవీ మోచేతి పైన మెత్తటి చోట దిగింది. ఆమె తల ఊపింది.

"నాకు పిల్లల్లేరు," అంది మిసెస్ హెప్‌వర్త్. "నేను పోయాక ఇవన్నీ చెత్తబండిలో పడతాయని నా భయం. మ్యూజియం అయితే ఇస్తాను." డబ్బాను సగం దూరం జరిపింది. అక్కడ ఆగింది. "నువ్వు చూశావా తల్లీ, ఆ అద్దాల పెట్టె?"

ఇన్నాళ్ళలో ఏ ఇంట్లోనూ ఐవీని ఎవరూ ఏదీ అడగలేదు. బొటనవేలు ఇంకా లోపలికి దిగింది. కొండ మీది గాలి చెవుల్లో మోగింది. ఒక్కసారి తల ఊపితే చాలు, కారులో కూర్చుని ఇంటికి పోవచ్చు, బంగాళాదుంపలు ఉడకబెట్టుకోవచ్చు. ఊపకపోతే ఆ దారిలో అతను ఈసారి తిరిగి రాకపోవచ్చు. వస్తే ఇంకా కష్టం.

"చూడలేదు," అంది. "అలాంటి పెట్టె లేదు. అన్నీ మా వెనక గదిలో ఉన్నాయి."

డెస్మండ్ నవ్వాడు. "మా ఆవిడకు ఈమధ్య మతి నిలవడం లేదు. పద ఐవీ. కారులో మాట్లాడుకుందాం."

"నేను కారెక్కను."

ఐవీ చేతిలో కప్పును బల్ల మీద పెట్టింది. మిసెస్ హెప్‌వర్త్ డబ్బా మూత పెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు బయల్దేరు బాబూ. పక్కింటాయన మాంసం కొట్టు నడుపుతాడు. గోడ మీద తడితే చాలు, కత్తి కూడా కింద పెట్టకుండా వస్తాడు."

డెస్మండ్ వెళ్ళాడు. కారు తలుపు మూసిన చప్పుడు వినిపించింది. ఇంజను చప్పుడు వినిపించలేదు. వాకిట్లోనే కారులో కూర్చున్నాడు.

ముసలామె ఐవీని ఓదార్చలేదు. "ఎన్ని ఇళ్ళలో ఇలా తల ఊపావు?"

"చాలా."

"గుర్తున్నాయా?"

"అన్నీ."

"మరి వాళ్ళకెవరు చెబుతారు?"

"నన్నెవరు నమ్ముతారు?"

"వాణ్ణి నమ్మింది నిన్ను చూసే కదే, పిచ్చిదానా."

ఐవీ తెర సందులోంచి చూసింది. డెస్మండ్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఈ ఇంటివైపే చూస్తున్నాడు. ఆమె లేచింది.

"రెండు వీధుల అవతల ఒకావిడ ఉంది," అంది. "అక్కడిదాకా నాతో నడుస్తారా?"