పైకప్పు మోసినవాళ్ళు

పొక్లెయిన్ మొదటి దెబ్బ కృపమ్మ పొయ్యి మీద పడింది. ఎసరు పొంగుతున్న గిన్నెతో సహా పొయ్యి నేలలో కలిసిపోయింది.

కొల్లేటికోట దగ్గర ఒక చేపల చెరువు గట్టు మీద తాతలనాటి నుంచీ పాకలున్నాయి. అందరూ చేపల చెరువుల్లో వల లాగే కూలీలే. గట్టు కూడా కలుపుకుంటే తన చెరువు పెద్దదవుతుందని చెరువు ఆసామి వీరేంద్రకు ఆశ పుట్టింది. పుట్టిన మర్నాడే మిషను తెచ్చాడు. జనం ఎవరి పాకకు వాళ్ళు పరిగెత్తి, ఎవరి మంచం, ఎవరి బియ్యం డబ్బా వాళ్ళు లాక్కున్నారు. పక్క పాక కూలుతుంటే చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. అదే వాళ్ళు చేసిన తప్పు. సాయంత్రానికి గట్టు నున్నగా అయిపోయింది.

భర్త పోయిన కృపమ్మ, తమ్ముడు ఫిన్నీతో గుండుగొలను హైవే పక్క బస్ షెల్టరులో పడింది. మిగతావాళ్ళు చుట్టూ టార్పాలిన్లు కట్టుకున్నారు. వానాకాలమంతా లారీలు చిమ్మే బురదలోనే తిన్నారు, పడుకున్నారు. ఒక ఆదివారం అక్కడే మీటింగు పెట్టుకున్నారు.

"ఏలూరెళ్ళి ఇంకో అర్జీ ఇద్దామండీ," అన్నాడు వల జట్టు మేస్త్రీ వీరాస్వామి.

"ఎన్నిత్తాం బాబాయ్?" ఫిన్నీ లేచాడు. "ఆ రోజు ఎవరి కొంప ఆళ్ళు పట్టుకుని ఏడిశాం. అందరం ఒక్క కొంప దగ్గిర నిలబడుంటే ఆడి మిషను కదిలేదా? మళ్ళీ గట్టెక్కి ఒక్కో కొంపా కడదాం, అందరం ఆ కొంప దగ్గిరే నిలబడదాం."

"ఎవరి కొంప దగ్గిర?" లక్ష్మీదుర్గ గయ్యిమంది. "ముందు నాది కట్టండి, వత్తాను."

తిట్టుకున్నారు. చొక్కాలు పట్టుకున్నారు. చివరికి లక్ష్మీదుర్గే తగ్గింది. "సరే, కృపమ్మొదినదే ముందు. తరవాత నాది. మాట తప్పారో, ఒక్కొక్కరి సంగతి చూత్తాను!"

గట్టు పక్క ఊళ్ళో పొలం కూలీలు తాటాకు ఇచ్చారు. తాడేపల్లిగూడెం నుంచి కాలేజీ పిల్లలు వెదుళ్ళు మోసుకొచ్చారు. రాత్రికి రాత్రి గట్టు మీద గుంజలు పాతారు. కప్పు మాత్రం ఊళ్ళోనే నేల మీద కట్టారు. అక్కడి పద్ధతి అది. జనమంతా కప్పు కిందికి దూరి, వాసాలు భుజానికెత్తుకుని గుంజల దాకా మోస్తారు. లోపలివాళ్ళకు దారి కనబడదు. ఇంటి మనిషి ముందు నడుస్తూ వేసే కేకే వాళ్ళకు దారి.

"ఎత్తండర్రా! ఎడం కాలు!" కృపమ్మ కేకేసింది. కప్పు లేచింది.

గట్టెక్కగానే వీరేంద్ర మనుషులు గునపాలతో విరుచుకుపడ్డారు. కప్పు కింద బయటికి కనిపించేవి కాళ్ళే. ఆ కాళ్ళ మీదే కొట్టారు. ఎముకలు విరిగిన చప్పుడు వినబడింది. పడినవాళ్ళను పక్కకి లాగి వేరేవాళ్ళు దూరారు. పక్కనుంచి పొక్లెయిన్ వచ్చింది. దాని ఇనప పళ్ళు ముందు మూల మీద దిగాయి. ఆ మూల ఫిన్నీది. తాటాకు చీలి, అతని తల చీలి, నెత్తురు కృపమ్మ మొహాన పడింది.

ఆమె నోరు మూతపడితే కప్పు ఆగుతుంది. ఆగితే కింద ఉన్నవాళ్ళంతా నలిగిపోతారు. తల్లి పోయాక తన చేతుల్లో పెరిగిన తమ్ముడు కాళ్ళ దగ్గరే పడి ఉన్నాడు.

"కుడి కాలు!" కృపమ్మ గొంతు చించుకుని అరిచింది. "ఆగకండెహె! మావోణ్ణి దాటుకు రండి!"

ఏడుస్తూనే దాటారు. కప్పు గుంజల మీద కూర్చుంది. అప్పుడు బయటికొచ్చారు అందరూ. గెడకర్రలు, రాళ్ళు, విరిగిన వెదుళ్ళు, ఏది దొరికితే అది పట్టుకున్నారు. మిషను మీద రాళ్ళు పడి క్యాబిన్ పగలగానే డ్రైవరు చెరువులోకి దూకాడు. గునపాలు పారేసి వీరేంద్ర మనుషులు పరిగెత్తారు. వీరేంద్ర కారు అద్దాలు పగిలాక గానీ వెనక్కి తిరగలేదు.

పోలీసులు వచ్చారు. చంపినవాణ్ణి వదిలేసి, మిషను పాడుచేసిందని కృపమ్మ రెక్కలు విరిచి పట్టుకుని జీపెక్కించారు. ఎస్సై లాఠీ దెబ్బకి ఆమె పెదవి చిట్లింది. కొత్త కప్పు కింద చాప మీద ఫిన్నీని పడుకోబెట్టి, లక్ష్మీదుర్గ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. కాళ్ళు విరిగినవాళ్ళు గట్టు మీద కూర్చునే రెండో కప్పుకి తాటాకు కడుతున్నారు.

జీపు కదులుతుంటే కృపమ్మ వెనక్కి తిరిగి అరిచింది.

"దుర్గా! నీ గుంజలు ఇంకా లోతుగా పాతించవే! మావి కదిలాయి!"