కందిపప్పు కవర్ల మీద గీతలు

“నేను లేని రెండు దినాలల్ల ఆ కాలు చెడితే ఎట్ల బిడ్డా? జరమొస్తే? వేలు తీసెయ్యాలంటే?”

దీప ఇంకా సంగతంతా చెప్పనే లేదు. వరంగల్‌లో పుండ్ల వైద్యం మీద సదస్సు ఉందని, అక్కడికి నన్ను రమ్మంటున్నారని మాత్రమే ఫోన్లో అంది. అంతలోనే నా నోటి వెంట ఆ మాటలు వచ్చేశాయి. నా తీరే అంత. గోదావరిఖని చౌరస్తాలో అంబులెన్సు కూత వినబడితే, కరీంనగర్ దవాఖానలో నర్సు పని చేసే నా బిడ్డ దీప బాగుందా అని ఫోన్ చేస్తాను. “అంబులెన్సుల ఉంటే నేను పక్కన కూసుంటనమ్మా, పండుకోను” అని నవ్వుతుంది అది.

నాలుగేళ్ల కింద రోహిణి కార్తెలో, చుట్టాల పెళ్లిలో, మా ఆయన ఆగయ్య చెప్పులు విడిచి పందిరి నుంచి బోరింగు దాకా నడిచి వచ్చాడు. షుగరు వల్ల ఆయన అరికాళ్లకు స్పర్శ లేదు. గచ్చు పెనంలా కాలుతున్నా ఆయనకు తెలియలేదు. సాయంత్రం దుప్పటికి అంటిన తడి చూసి నేను కనిపెట్టాను. ఆ రోజు నుంచి కాలు ఆయనది, పుండు నాది. రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగకముందే, దుమ్ము లేవకముందే, కిటికీలు మూసి, చేతులు సబ్బుతో కడుక్కుని కట్టు మారుస్తాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుంటాడు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ పుండును చూడలేదు. గనిలో ముప్పై ఏళ్లు చీకట్లోకి దిగిన మనిషికి తన అరికాలు చూసుకోవడానికి ధైర్యం లేదు. నేను చూస్తాను కాబట్టి ఆయన చూడనక్కర లేదు.

భయమున్న కళ్లకు పుండు రోజూ పెరిగినట్టే కనబడుతుంది. అందుకే ఒక ఆదివారం, కందిపప్పు వచ్చిన, లోపలిది కనబడే ప్లాస్టిక్ కవరును వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి, రెండు పొరలుగా పుండు మీద పరిచి, దీప చిన్నప్పటి స్కెచ్ పెన్నుతో అంచు వెంట గీసుకున్నాను. పుండుకు తగిలిన పొర పారేసి, పైపొర మీద తారీకు వేశాను. తర్వాతి ఆదివారం మరొకటి. ఒకదాని మీద ఒకటి పెడితే తేడా తెలిసేది. నాకు ఎవరూ నేర్పలేదు, నా భయమే నేర్పింది. అప్పటికి బతికి ఉన్న మా అత్త లస్మవ్వ చూసి, “మొగని కాలు కడుగుడు పుణ్యమే గని, దాని బొమ్మ గీసుకునుడేంది?” అంది. మా ఆయనకు చిన్నాయనయ్యే రఘుపతి కాక ఇంటికి వచ్చి నేను బక్కచిక్కానని అంటే, మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే జవాబు ఇచ్చాడు: “ఆమెకేం పనున్నది కాకా, ఇంట్లనే ఉంటది.” అప్పుడు నా చేతికి ఆయన పుండు మందు వాసన ఉంది.

నిరుడు దీప హైదరాబాద్ సదస్సుకు పోతూ ఆ కవర్లను ఫొటో తీసుకుపోయింది. అక్కడ దీపకు మంచిర్యాల నర్సు ఒకామె, వరంగల్ డాక్టరమ్మ, మొద్దుబారిన పాదాలకు మెత్తటి చెప్పులు కుట్టే ఒకాయన పరిచయమయ్యారు. పరిచయం అక్కడే ఆగలేదు. ఇప్పుడు మంచిర్యాలలో ఎవరి కాలైనా నల్లబడితే ఆ ఫొటో పొద్దుగూకకముందే వరంగల్ చేరుతుంది, జవాబు వస్తుంది. మా ఆయన చెప్పులు కూడా అట్లా వచ్చినవే. ఆ సదస్సు ఫొటో ఒకటి దీప నాకు చూపించింది. ఇంత పెద్ద తెర మీద నా కవరు, నా గీత, నా అంకెలు. కింద “గీసినవారు: రోగి సహాయకురాలు” అని ఉంది.

“పేరు పెట్టాల్నని తోచలేదమ్మా” అంది దీప, తలవంచుకుని.

నాకు కోపం రాలేదు. కానీ ఆ రోజు నుంచి బియ్యం కడుగుతుంటే, బట్టలు ఆరేస్తుంటే ఆ హాలు కళ్లముందుకు వచ్చేది. చివరి కుర్చీ అయినా చాలు. పక్కన కూర్చున్నామెను ఒక మాట అడగాలి. పుండు అంచు తెల్లబడితే మంచికా చెడుకా, అక్కా? నాలుగేళ్లుగా నా లోపల తిరుగుతున్న ప్రశ్న అది. ఫోన్లో దీపను అడిగితే ఫొటో పంపమంటుంది, చూసి బాగుందంటుంది. నాకు బాగుందన్న మాట చాలదు. నాలాగే రోజూ ఒక పుండు ముందు కూర్చునే మనిషితో, టైము చూసుకోకుండా మాట్లాడాలని ఉంది.

ఈసారి ఇంట్లో కట్లు కట్టేవాళ్లను కూడా తమతో కలుపుకోవాలని డాక్టరమ్మ అన్నదట. “ఆ కవర్లు గీసినామెను తోల్కరా” అన్నదట. ఆదివారం మధ్యాహ్నంలోగా పేరు పంపాలి. మా ఆయనకు చెప్పాను. “మరి నా కట్టు?” అన్నాడు. నేర్పుతానన్నాను. మూడు రోజులు ఎప్పట్లాగే తిని, కట్టు వేళకు ఎప్పట్లాగే గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకూ భయమే. కట్టు వదులైతే, చీము పడితే, నేను హాల్లో ఉండగా ఫోన్ వస్తే. రానని దీపకు చెప్పడానికి రెండుసార్లు ఫోన్ తీసి, రెండుసార్లు కింద పెట్టాను.

ఆదివారం కిటికీలు మూశాను. సబ్బు, కవరు, పెన్ను, ఆయన గడ్డం గీసుకునే అద్దం ముందర పెట్టి, గడప మీద కూర్చున్నాను.

“ఇయ్యాల నేను గియ్య. నువ్వే గియ్యి.”

ఆయన గోడవైపు తిరగబోయాడు. నేను లేవలేదు. చాలాసేపటికి చేతులు కడుక్కుని, కట్టు విప్పి, అద్దాన్ని పాదం కిందికి వంచాడు. పావలా బిళ్లంత మిగిలింది పుండు. అద్దాన్ని ఇంకొంచెం దగ్గరికి జరిపాడు.

“ఇన్నేండ్లు గిదాన్నేనా నువ్వు చూసింది?”

“మొదట్ల అరచెయ్యంత ఉండె” అన్నాను. “కవరు మీద తారీకు వెయ్యి.”

గీత వంకర పోయింది. తారీకు వేశాడు. మందు రాసి కట్టు చుట్టాడు. వదులుగా ఉంది. నా చెయ్యి దానంతట అదే లేచింది. తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను.

ఫోన్ మోగింది.

“అమ్మా, ఇప్పుడే పంపాలె. వస్తున్నవా? మెడల ఏసుకునే కార్డు మీద పేరు, కింద పని రాస్తరు. డాక్టర్లకు డాక్టరని, మాకు నర్సని. నీకు గృహిణి అని రాయించాల్నా?”

సైరన్ మోగింది. ఎక్కడో దూరంగా భూమి అదిరి, అద్దం గచ్చు మీద సన్నగా చప్పుడు చేసింది. ఆయన తను చుట్టిన వదులు కట్టును విప్పి, మళ్లీ మొదటి నుంచి, ఈసారి మెల్లగా చుడుతున్నాడు.

“అమ్మా, లైన్ల ఉన్నవా?”

చుట్టడం అయిపోయేదాకా చూశాను.

“రాసుకో బిడ్డా” అన్నాను. “అనసూర్య. కింద, పుండ్లకు కట్లు కడ్తదని రాయి.”