ఈ గంప మీకేనా?

కుడిచేత్తో మునగాకు దూస్తూ, ఎడమచేతి బొటనవేలితో ఫోను నొక్కుతున్నాను. నొక్కినప్పుడల్లా తెర అడుగు నుంచి తెల్లటి పెట్టె ఒకటి ఎగిరి వచ్చి, బంతిలా రెండుసార్లు గెంతి నిలబడుతోంది. అందులో "ఈ గంప మీకేనా?" అన్న ప్రశ్న, దాని కింద "అవును", పై మూలన చిన్న ఇంటూ గుర్తు.

"ఎన్నిసార్లు ఎగరేస్తావే దాన్ని? దానికి ఆయాసం రాదూ?" అంది అమ్మ, చేటలోకి తొంగి చూసి. "ఇందులో ఆకు కన్నా కాడలే ఎక్కువున్నాయి."

మాది అవనిగడ్డ నుంచి కోడూరు వెళ్ళే దారిలో చిన్న ఊరు. బందరులో ఎనిమిదిమంది ఉన్న ఆఫీసుకి నేను ఇంటి నుంచే పని చేస్తాను. పొద్దున్నే పాలకాయతిప్ప దగ్గర పడవలు ఒడ్డుకి రాగానే మా ఆఫీసు తరఫున అయ్యప్ప గారు చేపల గంపలకి ఫొటోలు తీసి మా యాప్‌లో పెడతారు. చేపలు అమ్ముకునే ఆడవాళ్ళు ఇంట్లోనే చూసుకుని, కావలసిన గంప మీద నొక్కి, "అవును" అంటే అది వాళ్ళ పేరు మీద పక్కన పెడతారు. నొక్కగానే వచ్చే ఆ పెట్టెని మా పనిలో డైలాగ్ అంటాం. దాన్ని కదిలించడం నా వంతు. ఆ రెండు గెంతులకి నాకు నాలుగు రోజులు పట్టింది. మా టీమ్ లీడ్ క్రాంతి కుమార్ గారు చూసి, "ప్రాణమొచ్చినట్టుందమ్మా హెప్సిబా!" అన్నారు.

"వదినా! కృపమ్మ వదినా!"

గేటు అవతల నుంచే కేక. వీరదుర్గ అత్త. మాకు చుట్టమేమీ కాదు. పదేళ్ళుగా మా వీధికి చేపలు తెస్తోంది కాబట్టి అమ్మకి మరదలు, నాకు అత్త.

"నీ కూతురి యాప్ నన్ను నిలువునా ముంచింది వదినా. నిన్నా పండుగప్ప పోయింది, ఇవాళా పోయింది. రెండు గంపలూ గుడివాడ వ్యానెక్కాయి. చల్లపల్లి మెస్సులో కనకమహాలక్ష్మి గారు, రేపు కూడా పండుగప్ప తేకపోతే ఇంకొకళ్ళని పెట్టుకుంటానన్నారు. మూడేళ్ళ వాడుక!" అంటూ గంప దించి, నా వైపు తిరిగింది. "ఏం పిల్లా, పలకవే?"

"గంప మీద నొక్కావా అత్తా?"

"నొక్కక? వేలిముద్ర అరిగిపోయేట్టు నొక్కాను."

"ఒక్కసారి నా ముందు నొక్కు."

నా ఫోను అందుకుని, బొటనవేలు చీరచెంగుకి తుడుచుకుని, ఒక ఫొటో మీద నొక్కింది. పెట్టె ఎగిరింది. ఒక గెంతు వేసి రెండోది వేసేలోపే ఆమె వేలు వెళ్ళి మూలనున్న ఇంటూ గుర్తు మీద పడింది. పెట్టె పోయింది.

"ఎందుకు తీసేశావత్తా?"

"దేన్ని?"

"ఇప్పుడు వచ్చిందాన్ని."

"అదా! అడ్వర్టైజ్‌మెంటేగా. లోను కావాలా, పేకాట ఆడతావా అంటూ ఎగురుకుంటూ వస్తాయి. ఎగిరొచ్చేది ఏదైనా సరే, మూల చూసి కొట్టెయ్యడమే."

"చదవకుండానే?"

"ఈగని కొట్టేటప్పుడు పేరు అడుగుతావా?"

అమ్మ చేట పక్కన పెట్టి మరీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆఫీసు లెక్కల్లో చాలామంది ఆ పెట్టె దాకా వచ్చి ఆగిపోతున్నారని నాకు తెలుసు. మనసు మార్చుకున్నారేమో అనుకున్నాను. నా గెంతులు చూసి కొట్టేస్తున్నారని అనుకోలేదు.

"రేపు పొద్దున మా ఇంటికొచ్చి నొక్కు అత్తా. ఈలోగా ఏదో ఒకటి చేస్తాను."

"చూడు మరి. రేపూ పోయిందంటే దీన్ని ఫోన్లోంచి తీసేస్తాను. నేను తీస్తే మా పేటలో ఇరవైమందీ తీస్తారు," అని, అమ్మ వైపు తిరిగి గంప మీది తడిగుడ్డ తొలగించింది. "ఏం కావాలి వదినా? మాగ ఉంది, చందువ ఉంది."

అమ్మ ఒక చందువ వైపు వేలు చూపించింది. అత్త దాన్ని కుప్పలోంచి తీసి, అమ్మ కళ్ళ ముందుకి లేపి, మొప్ప విప్పి చూపించి, "ఇదేనా?" అంది. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ చేప మళ్ళీ దాని సందులోకే వెళ్ళింది. అమ్మ వేలు ఇంకోదాని వైపు జరిగింది. అదీ అలాగే లేచింది. "ఇదేనా?" "ఆఁ, ఇదే."

నేను మునగాకు వదిలేసి ఆ చెయ్యే చూస్తూ కూర్చున్నాను. చేప ఎక్కడి నుంచో ఎగిరి రాలేదు. అమ్మ చూపించిన చోటు నుంచే లేచింది. అందుకే అమ్మ అది తను చూపించిందేనా అని ఒక్కసారి కూడా తడుముకోలేదు.

అత్త వెళ్ళగానే క్రాంతి కుమార్ గారికి ఫోన్ చేశాను.

"గెంతులు తీసేస్తావా? మొన్న గుడివాడలో చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారమ్మా!"

"వాళ్ళు కూర్చుని చూశారండీ. వీళ్ళు పరుగులో చూస్తారు."

"మరి ఏం పెడతావు?"

"కొత్త పెట్టె వద్దండీ. గంపలోంచి చేప ఎత్తి చూపించినట్టు, నొక్కిన ఫొటోనే ఉన్నచోటు నుంచి లేపుతాను. కాదంటే అక్కడికే దింపుతాను."

"మా అమ్మమ్మ చేపలు అలాగే కొనేదిలే," అన్నారు. "పెట్టు."

చేపకి బరువుంటుంది. చెయ్యి మొదట నెమ్మదిగా లేచి, మధ్యలో వేగం అందుకుని, కళ్ళ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ నిదానిస్తుంది. ఆ నడకనే పెట్టాను. మొత్తం మూడువందల మిల్లీసెకన్లు. ఫొటో లేస్తున్నంతసేపూ వెనక మిగిలిన గంపలు మసకబారాలి. సాయంత్రానికి అమ్మకి చూపించాను.

"బానే ఉంది. మొప్ప విప్పదా?" అంది.

మర్నాడు ఐదున్నరకల్లా అత్త మా అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె ఫోనులో కొత్తది ఎక్కించి ఇచ్చాను. కాసేపటికి ఫొటోలు వచ్చాయి. గాలి ఎక్కువగా ఉండి పడవలు తక్కువే వచ్చినట్టున్నాయి. పండుగప్ప గంప ఒక్కటే.

అత్త నొక్కింది. అలవాటు కొద్దీ ఆమె వేలు మూలకి బయల్దేరింది. ఈలోగా ఫొటో చోటు విడిచి మెల్లగా లేచి, అదే ప్రశ్నతో తెర నిండా పరుచుకుంది. వేలు దారిలోనే ఆగింది. అత్త ఫోను మీదికి వంగి, పెదవులు కదుపుతూ అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

"ఈ... గంప... మీకేనా... నాకే!" అని ఫోనుతోనే చెప్పి, "అవును" మీద నొక్కింది.

ఫొటో చిన్నదై వెనక్కి వెళ్ళి తన చోట్లో కూర్చుంది. దాని మీద ఇప్పుడు "వీరదుర్గ" అని పేరుంది. ఆ పేరు వైపు ముగ్గురం చూస్తూ ఉండిపోయాం.

"కాఫీ కలుపుతున్నాను, తాగి వెళ్ళు," అంది అమ్మ.

వీధి చివర కోడూరు ఆటో హారన్ కొట్టింది. అత్త ఫోను బొడ్లో దోపుకుని, ఖాళీ గంప చంకన పెట్టుకుని లేచింది. తన పండుగప్ప గంప తెచ్చుకోవడానికి గేటు తీసుకుని గబగబా వెళ్ళిపోయింది.