ఇసుక కొలిచిన పిల్ల

లాక్‌డౌన్‌లో రాజాంలో నేను గింజలు కొలిచే కొట్టు మూసేశారు. నాలుగేళ్ల నా కూతురు జాహ్నవికీ బడి లేదు. అయిదో తరగతితో ఆగిపోయిన నాకు తెలిసిన విద్య కొలవడమే. పెరట్లో ఇసుక పోసి కొబ్బరిచిప్పతో కొలిచే ఆట నేర్పాను. మా కొలతలో మొదటిదాన్ని ఒకటి అనం, లాభం అంటాం. నెల తిరక్కుండానే పిల్ల "లాభం, రెండు, మూడు" అంటూ ఇరవై దాకా కొలిచేసింది.

ఒకరోజు టీచరు వీడియో కాల్‌లో అంకెలు చెప్పమంది. జాహ్నవి హుషారుగా "లాభం" అని మొదలెట్టింది. మిగతా పిల్లల తల్లులు నవ్వారు.

"ఎవరు నేర్పారమ్మా?" అంది టీచరు.

"మా నాన్న!" అని నన్ను గొప్పగా చూపించింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఫోన్ కట్టేసి పిల్ల వీపు మీద చరిచాను.

"నువ్వు నేర్పిందే కదేటి అది సెప్పింది! సిగ్గయితే నీ సెంప వాయించుకో" అంది నా భార్య నీలవేణి.

మర్నాడు ఆటకి పిలిచాను.

"నాను రాను. తప్పు సెప్తే కొడతావు" అంది పిల్ల.

తప్పు తనది కాదని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడది నాలుగో తరగతి. లెక్క రాకపోతే వాళ్లమ్మనే అడుగుతుంది, ఆవిడకి రాదని తెలిసినా.