గంట ముందు బయలుదేరిన అనసూర్య

అనసూర్యకు యాభై తొమ్మిదేళ్లు. మెట్‌పల్లిలో ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసింది. సైకిల్ నేర్చుకున్నది ఆ ఉద్యోగం కోసమే. రోజూ మూడు కిలోమీటర్లు తొక్కుకుంటూ సెంటరుకు పోయేది. ఆటోలు తిరగడం మొదలయ్యాక సైకిల్ మూలకు చేరింది. ఈ పదేళ్లలో ఏడాదికి రెండు మూడు సార్లు బయటికి తీస్తే ఎక్కువ. అదీ ఆటోలు బంద్ పెట్టిన రోజు, కూరగాయల మార్కెట్టు దాకా.

దసరా సెలవుల్లో కూతురు మంజుల ఆమెను ఇచ్చోడ దగ్గర అడవి అంచున ఉన్న ఒక విడిదికి తీసుకొచ్చింది. మంజుల కరీంనగర్‌లో స్టాఫ్ నర్సు. వరుసగా మూడు రోజులు సెలవు దొరకడమే ఆమెకు గగనం. మరమగ్గాలు ఆపి రాలేనని తండ్రి పర్శరాములు ఇంటి దగ్గరే ఉండిపోయాడు.

విడిది వాళ్లు పొద్దున పూట సైకిళ్ల మీద అడవిలోకి తీసుకుపోతారు. తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఒక జలపాతం ఉంది. ఆ సంగతి వినగానే తనూ పోతానంది అనసూర్య. మంజులకు స్కూటీ తప్ప సైకిల్ రాదు. తల్లి ఒక్కతీ ఎలా పోతుందని వారించింది గాని ఆమె వినలేదు. గైడ్ ముత్యం, ఇచ్చోడ మనిషే, నలభై దాటినవాడు. ఎప్పుడెప్పుడు తొక్కుతుంటారమ్మా అని అడిగితే, వారానికి మూడు సార్లు అని చెప్పేసింది. నిజం చెబితే వద్దంటాడని భయం.

మొదటి రోజు తొమ్మిది మంది బయలుదేరారు. పత్తి చేల మధ్య ఐదు కిలోమీటర్లు బాగానే సాగింది. చల్లగాలి, తడి మట్టి వాసన. తన కాళ్లకు ఇంకా సత్తువ ఉందని ఆమెకు సంబరమేసింది. ఆ తర్వాత ఘాట్ మొదలైంది. వాళ్లిచ్చింది గేర్ల సైకిల్. ఆమె జన్మలో గేరు ముట్టుకోలేదు. అడిగితే అబద్ధం బయటపడుతుందని ఊరుకుంది. బరువు గేరులోనే పెడల్ మీద నిలబడి తొక్కింది. రెండో మలుపులో సైకిల్ ఆగిపోయింది, పక్కకు ఒరిగింది, ఆమె కింద పడింది. మోచేయి గీరుకుపోయింది. ఊపిరి ఎంతకీ అందలేదు.

అడవిలో గైడ్‌ను విడిచి ఎవరూ పోకూడదన్నది నియమం, ఆ రోజు ఉన్న గైడ్ ముత్యం ఒక్కడే. పది గంటలకల్లా వెనక్కి రావాలన్నది ఇంకొకటి. విడిది నుంచి జీపు వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. జలపాతానికి ఇక పొద్దు చాలదని ముత్యం అందరినీ వెనక్కి తిప్పాడు. కరీంనగర్‌లో రైస్ మిల్లు నడిపే వంశీధర్‌రావు అనే పెద్దమనిషి ముఖం గంటు పెట్టుకున్నాడు. చేతకానోళ్లను ఎందుకు తీసుకొస్తరు అని ముత్యంతో అనడం జీపులో కూర్చున్న అనసూర్యకు వినబడింది. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

మధ్యాహ్నం మంజుల మోచేతికి మందు రాసి, ఇక సైకిల్ మాట ఎత్తొద్దంది. అనసూర్య గోడవైపు తిరిగి పడుకుంది. పడినందుకు సిగ్గనిపించలేదు. ఒక్క అబద్ధంతో ఎనిమిది మంది పొద్దు పాడు చేసింది. సెంటర్లో పిల్లలకు ముప్పై ఏళ్లు ఏం చెప్పిందో గుర్తొచ్చి, ఇక పడుకోలేకపోయింది.

సాయంత్రం షెడ్డులో ముత్యం చైన్లకు నూనె పోస్తుంటే వెళ్లి ఎదురుగా నిలబడింది.

"వారానికి మూడు సార్లని చెప్పిన గద. అబద్ధం. ఏడాదికి మూడు సార్లు తొక్కితే గొప్ప."

ముత్యం తలెత్తి చూశాడు. "గట్లెందుకు చెప్పిన్రమ్మా?"

"వద్దంటవని."

"వద్దనేటోన్ని కాదు. గేర్లు నేర్పించేటోన్ని."

అతను గుడ్డతో చేతులు తుడుచుకొని ఆమె సైకిల్ బయటికి తీశాడు. సీటు నాలుగు వేళ్లు పైకి జరిపాడు. ఎక్కుడు రాకముందే గేరు తేలిక చేసుకోవాలని, కాళ్లకు బరువు తెలిశాక మార్చబోతే చైను మొరాయిస్తుందని చెప్పాడు. అనసూర్య విడిది ఆవరణలో గంటసేపు గుండ్రంగా తిరిగింది. మొదట్లో ప్రతిసారీ తప్పు గేరే పడింది. చీకటి పడే వేళకు చూడకుండానే వేలు తగిన చోటికి పోసాగింది.

అప్పుడు రేపు మళ్లీ వస్తానంది. ముత్యం ఆమె సైకిల్ షెడ్డులో పెట్టాడు. తామిద్దరూ గంట ముందు బయలుదేరితే సరిపోతుందని, మిగతావాళ్లను రేపు పనిలోకి వచ్చే ఇంకో గైడ్ అరుణ్ తీసుకొస్తాడని అన్నాడు.

భోజనాల దగ్గర ఆమె నేరుగా వంశీధర్‌రావు బల్ల దగ్గరికి పోయి, పొద్దున జరిగిందాంట్లో గైడ్ తప్పేమీ లేదని, తానే అబద్ధం చెప్పానని ఒప్పుకుంది. ఆయన చేతిలోని రొట్టె పళ్లెంలో పెట్టి, రేపు మళ్లీ వస్తారా అని అడిగాడు. వస్తాను గాని మిమ్మల్ని ఆపను అంది. ఆయన తలూపాడు.

మంజులను ఒప్పించడమే కష్టమైంది.

"అవ్వా, పడితే బొక్క ఇరుగుతది. ఈ వయసుల జల్ది అతుకది."

"నడిపించుకుంటనన్న పోత గని, జీపు మాత్రం ఎక్క."

మంజుల బీపీ మిషను తీసి తల్లి చేతికి పట్టీ చుట్టింది. బీపీ బాగానే ఉంది. రెండు నీళ్ల సీసాలు నింపి సంచిలో పెట్టింది.

తెల్లవారి ఐదున్నరకు ఇద్దరూ బయలుదేరారు. ఘాట్ కనబడగానే అనసూర్య గేరు తేలిక చేసింది. కాళ్లు గిర్రున తిరుగుతున్నాయి, సైకిల్ మాత్రం మనిషి నడకంత నిదానంగా కదులుతోంది. నిన్న పడిన మలుపు దాటింది. ఇంకొంచెం పోయాక గుండె దడదడలాడింది. ఈసారి రెండు కాళ్లూ నేల మీద పెట్టి కుదురుగా ఆగింది. నీళ్లు తాగింది. ముత్యం చెట్లవైపు చూస్తూ నిలబడ్డాడు. అలా నాలుగు సార్లు ఆగి, నాలుగు సార్లు మళ్లీ ఎక్కింది.

చివరన బాగా నిటారుగా ఉన్న చోట దిగి సైకిల్ నెట్టసాగింది. ముత్యం చేయి వేయబోతే వద్దంది. వెనక బెల్లులు వినబడ్డాయి. మిగతావాళ్లు అందుకున్నారు. ఆమె సైకిల్‌ను బాట పక్కకు జరిపింది. అందరికంటే ముందు వంశీధర్‌రావు వచ్చాడు. పక్కకు రాగానే వేగం తగ్గించి, "ఇంకొక్క మలుపే ఉన్నదటమ్మా. ఆడికెళ్లి అంతా సాపేనట" అని చెప్పి ముందుకు పోయాడు.

అది నిజమే. మలుపు తిరగగానే బాట చదునైంది. అనసూర్య మళ్లీ సైకిల్ ఎక్కి చివరి రెండు కిలోమీటర్లు తొక్కింది. నీళ్లు కనబడకముందే హోరు వినబడింది. వానాకాలం నీళ్లింకా తగ్గలేదు. నల్లరాళ్ల మీది నుంచి వెడల్పుగా దూకుతున్నాయి. ఒడ్డున రాయి మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టింది. తుంపర్లు ముఖాన పడుతుంటే కళ్లు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. అవి తుంపర్లో కన్నీళ్లో తెలుసుకోవాలని ఆమెకనిపించలేదు.

దిగుడు అంతకంటే భయం పెట్టింది. రెండు బ్రేకులూ పట్టి పట్టి వేళ్లు మొద్దుబారాయి. ఒకచోట దిగి నడిచింది కూడా. అందరికంటే వెనక, పదికి ఐదు నిమిషాలు తక్కువగా విడిదికి చేరింది.

మంజుల గంట నుంచి గేటు దగ్గరే నిలబడి ఉంది. తల్లిని చూసి ఎదురొచ్చి హ్యాండిల్ పట్టుకుంది. అనసూర్య దిగుదామంటే కాలు లేవలేదు. కూతురు భుజం పట్టుకొని మెల్లగా దిగింది. ఎక్కడన్నా పడ్డావా అని మంజుల చేతులూ మోకాళ్లూ తడిమి చూసింది.

"పడలే," అంది అనసూర్య. "ఆకలైతుంది బిడ్డా. అన్నం ఉంటె పెట్టియ్యి."

వంట ఇంకా కాలేదు. పొద్దుటి ఉప్మా మిగిలి ఉంటే రెండు పళ్లేలు తిని, కూర్చున్న కుర్చీలోనే నిద్రపోయింది.