రెండో పాట

జయంతి పన్నెండేళ్లుగా ఒపేరా సంగీతం నేర్చుకుంటోంది. మొదట్లో చెల్లెలు రష్మి టీచర్ ఇంట్లో సోఫా మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేది. చికాగో శివారు షామ్‌బర్గ్‌లో అమ్మానాన్నలు ఆఫీసుల నుంచి వచ్చేసరికి ఆలస్యమయ్యేది కాబట్టి, పదేళ్ల పిల్లను జయంతే వెంటబెట్టుకు వెళ్లేది. ఒకరోజు అక్క తడబడుతున్న పైస్వరాన్ని ఆ పిల్ల పెన్సిల్ చెక్కుకుంటూ అలవోకగా అందుకుంది. టీచర్ పియానో ఆపి వెనక్కి తిరిగి చూసింది. జయంతిని ఆమె ఎన్నడూ అలా చూడలేదు. ఆ వారం నుంచే రష్మికీ పాఠాలు మొదలయ్యాయి.

చికాగోలో ఒక ఒపేరా కంపెనీ ఏటా ఆరుగురు యువ గాయకులను ఎంచుకుని తర్ఫీదు ఇస్తుంది. జయంతి మూడుసార్లు ప్రయత్నించి మొదటి వడపోతలోనే ఆగిపోయింది. ఈసారి అక్కచెల్లెళ్లిద్దరూ అప్లై చేశారు. ఫైనల్‌కి రష్మి ఒక్కదానికే పిలుపొచ్చింది.

"అక్కా, ఫస్ట్ ఏది పాడను? ఆ పెద్ద సాంగా, చిన్నదా? నాకు అస్సలు తెలీట్లేదు," అంది రష్మి.

పెద్ద పాట చివరికొచ్చేసరికి రష్మి గొంతు అలసిపోతుందని జయంతికి బాగా తెలుసు.

"పెద్దదే పాడు. జడ్జెస్ దానికే ఇంప్రెస్ అవుతారు," అంది. అనేసి వంటగదిలోకి వెళ్లి కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగింది.

ఫైనల్ రోజు జయంతే డ్రైవ్ చేసి తీసుకెళ్లింది. హాల్లో చివరి వరసలో కూర్చుంది. రష్మి పెద్ద పాటే పాడింది. చివరి పైస్వరం దగ్గర గొంతు జీరపోయి ఆగిపోయింది. ఆ క్షణంలో జయంతి ప్రాణానికి హాయిగా అనిపించింది. మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది.

జడ్జీల్లో ఒకామె ఇంకేమైనా పాడతావా అని అడిగింది. రష్మి కళ్లు తుడుచుకుని చిన్న పాట ఎత్తుకుంది. కాగితాలు తిరగేస్తున్న జడ్జీల చేతులు ఆగిపోయాయి. సాయంత్రానికి ఫోన్ వచ్చింది. రష్మిని తీసుకున్నారు.

ఇంట్లో అందరూ సంబరపడుతుంటే జయంతి కంచం ముందు నుంచి లేచింది. చెల్లెల్ని బయటికి పిలిచి చెప్పేసింది.

"ఆ పెద్ద పాట నీకు పడదని నాకు ముందే తెలుసు."

"తెలిసే పాడమన్నావా?"

"తెలిసే. నీకు రాకూడదనుకున్నా."

రష్మి లోపలికి వెళ్లిపోయింది. మూడు వారాలు అక్కతో మాట్లాడలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం మెసేజ్ పంపింది. అందులో మాటల్లేవు, ఆ కంపెనీ కోరస్ ఆడిషన్ లింక్ మాత్రమే ఉంది.

జయంతికి ఒళ్లు మండింది. గుంపులో నిలబడి పాడమని చెల్లెలు తనకు దారి చూపించడమా! రెండు రోజులు ఫోన్ వైపు చూడలేదు. మూడో రోజు ఆఫీస్‌కి సెలవు పెట్టి వెళ్లి పాడింది. ఎంపికైంది.

అక్టోబరులో మొదటి రిహార్సల్. పనిమనిషి వేషంలో నాలుగు వాక్యాలు పాడే చిన్న పాత్ర రష్మిది. జయంతి కోరస్‌లో రెండో వరసలో నిలబడింది. రష్మి పాడగానే, వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ తలెత్తి, "బ్యూటిఫుల్!" అన్నాడు. జయంతి గుండెలో మళ్లీ కలుక్కుమంది. అది ఇక పోదేమో అనుకుంది.

ఇంతలో కోరస్ వంతు వచ్చింది. జయంతి ఊపిరి నిండా పీల్చుకుని పక్కవాళ్లతోపాటు గొంతెత్తింది.